మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్: బళ్ళో మాస్టారు, మైదానంలో ఉస్తాద్

ఈ రోజుల్లో మన పిల్లల్ని నిలబెట్టి అడిగితే పరదేశాల ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పేర్లు పది గడగడా చెప్పేస్తారు. వాళ్ళ జెర్సీ నంబర్లు కూడా చెబుతారు. అదే పిల్లల్ని, మన హైదరాబాదు నుంచి వెళ్ళి ఏషియన్ గేమ్స్‌లో దేశానికి రెండుసార్లు బంగారు పతకం సాధించిపెట్టిన కోచ్ ఎవరురా అంటే తల గోక్కుంటారు. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చిన తరువాత కొందరికి పేరు తెలిసింది. మంచిదే. కాని సినిమా సినిమాయే గదా. రహీం సాబ్ జీవితంలో అసలు సంగతి బడి అని నా అభిప్రాయం. ఆయన మొదట టీచరు, ఆ తరువాతే కోచ్. చివరిదాకా టీచరు పద్ధతిలోనే కోచ్‌గా పని చేశారు. మన సొసైటీ సభ్యుల ఇళ్ళలో బడిపిల్లలు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఆ కోణంలో నుంచే ఈ జీవితాన్ని చెబుతాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పిన యూనివర్సిటీ అది. అక్కడ చదువుతో పాటు బంతి కూడా ఆయనకు అబ్బింది. యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తరువాత సిటీ కాలేజీ పాత కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ జట్టుకూ, ఆ రోజుల్లో ఊళ్ళో మంచి పేరున్న ఖమర్ క్లబ్బుకూ ఆడారు. అయితే దాచడం దేనికి, ఆటగాడిగా ఆయన దేశం తరఫున ఆడలేదు. ఆయన గొప్పతనమంతా బూట్లు విప్పిన తరువాత మొదలైంది.

కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఈ నాలుగు బళ్ళలో ఆయన టీచరుగా పని చేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చివరి రెండు స్కూళ్ళలో ఆటల బాధ్యత ఆయనదే. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. మన బళ్ళలో చాలాచోట్ల డ్రిల్లు పీరియడ్ అంటే ఖాళీ పీరియడ్ అని లెక్క. లెక్కల మాస్టారు సిలబస్ వెనకబడితే ముందు లాక్కునేది ఆ పీరియడ్నే. నేనూ చాలా ఏళ్ళుగా చూస్తున్నదే. డ్రిల్లు మాస్టారికి స్టాఫ్ రూములో కుర్చీ కూడా మూలకే ఉంటుంది. ఆ మూల కుర్చీలోంచి లేచి ఒక మనిషి ఒలింపిక్స్ దాకా వెళ్ళారని మన టీచర్లయినా తెలుసుకోవాలి.

1943లో ఆయన్ను హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శిగా ఎన్నుకున్నారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయన మీదే ఉంది. కార్యదర్శి అంటే రశీదు పుస్తకం, మీటింగుల మినిట్స్ అనుకునేరు. ఆయన చేసిన పని వేరు. ఊళ్ళో కుర్రవాళ్ళకు చిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, కాళ్ళ దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేస్తే తప్పు. ఇంకొక టోర్నమెంటులో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. మొదట్లో జనం నవ్వుకుని ఉంటారు. కాని ఆలోచించి చూడండి, ఇది అచ్చంగా పాఠశాల పద్ధతి. పిల్లవాడికి అలిఫ్ బే రాకుండా పుస్తకం చేతికివ్వం. రాయడంలో ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో ఆ అక్షరాన్నే వందసార్లు రాయిస్తాం. రహీం సాబ్ కాలికి కాపీ రాయించారు, అంతే. రెండు మూడేళ్ళు ఇట్లా ఆడిన కుర్రవాడికి రెండు కాళ్ళూ ఒక్కటే అయిపోతాయి. బంతి కోసం తల వంచుకుని కాక తల పైకెత్తి ఆడటం వస్తుంది. నేల మీదుగా పొట్టి పాసులు, చురుకైన పరుగు, ఒక్కడి ప్రతాపం కాకుండా పదకొండుమంది పని, ఇదీ ఆయన హైదరాబాదుకు నేర్పిన ఆట.

1948 సెప్టెంబరు తరువాత మన పెద్దలు పడిన రోజులు వేరే చెప్పనక్కరలేదు. నిజాం సర్కారు పోయింది, దానితో పాటు ఎన్నో ఇళ్ళలో నౌకరీలు పోయాయి. రేపు ఎట్లా అన్న బెంగతో తలలు వంచుకుని తిరిగిన కాలం. సరిగ్గా ఆ కాలంలోనే, 1950లో, రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. పోలీసు జట్టు అంతకు ముందు కూడా బలమైనదే. శిక్షణలో నార్బర్ట్ ఫ్రూవాల్ గారు దానికి మంచి పునాది వేసి ఉంచారు. శివకుమార్ లాల్ అనే పోలీసు అధికారి ఆ జట్టుకు పెద్ద అండ. పేదింటి కుర్రవాడు బాగా ఆడితే పోలీసులో ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. ఆట ఇంటికి అన్నం పెట్టింది. ఇది చిన్న విషయం కాదు. ఆటగాళ్ళలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు అందరూ ఉన్నారు. డ్రెస్సు ఒకటే, మెస్సు ఒకటే.

ఆ జట్టు ఏం చేసిందో లెక్క చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్స్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. మోహన్ బగాన్ అంటే ఆ రోజుల్లో దేశపు ఫుట్‌బాల్‌కు సర్దార్లు. మళ్ళీ 1954లో, 1957లో డ్యూరాండ్ మనదే. రాష్ట్రం పేరు మారి జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయిన తరువాత 1961లో ఇంకొకసారి గెలిచారు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 1957 సీజన్లలో వెంటవెంటనే రెండుసార్లు గెలుచుకుంది. మన ఊరి పేరు పేపర్లలో వేరే కారణాలకు వస్తున్న రోజుల్లో ఆటల పేజీలో ఈ విధంగా రావడం పెద్దవాళ్ళకు ఎంత ఊరటో ఊహించుకోవచ్చు.

దేశపు జట్టు సంగతికి వద్దాం. 1949లో సిలోన్ పర్యటనకు వెళ్ళిన భారత జట్టుకు ఆయనే కోచ్. 1951లో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ ఢిల్లీలో జరిగాయి. ఫైనల్స్‌లో ఇరాన్ మీద 1-0తో గెలిచాం. గోలు కొట్టింది సాహూ మేవాలాల్, కెప్టెన్ శైలేన్ మన్నా. స్వతంత్ర భారతానికి ఫుట్‌బాల్‌లో అది తొలి పెద్ద బంగారు పతకం.

మరుసటి సంవత్సరమే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్ళు చాలామంది ఉత్త పాదాలతో ఆడారు. మన ఎండల్లో, మన నేల మీద ఉత్త కాళ్ళ ఆట అందంగానే ఉంటుంది. ఫిన్లాండు చలిలో, పచ్చగడ్డి మీద, బూట్ల జట్టుకు ఎదురుగా అది కుదరలేదు. ఆ తరువాత ఫెడరేషన్ వారు బూట్లు తప్పనిసరి చేశారు. పది గోళ్ళు తిన్న కోచ్‌ను ఇవాళైతే విమానం దిగకముందే తీసేస్తారు. ఆయన మాత్రం వచ్చి పాఠం మొదటినుంచి మొదలుపెట్టారు.

బూట్లు ఒక్కటే కాదు లోపం. మన జట్లు అప్పటికి వెనక ఇద్దరు బ్యాకులతోనే ఆడేవి. కలకత్తా క్లబ్బులకు ఆ పద్ధతి మీద మోజు. ఎదుటివాళ్ళు ముగ్గురు నలుగురు ఒక్కసారి మీదికి వస్తే ఇద్దరేం కాస్తారు? రహీం సాబ్ మూడో బ్యాకును పెట్టారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీలోనే 6-3తో ఓడించి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ హంగరీవాళ్ళ కిటుకు ఏమంటే, సెంటర్ ఫార్వర్డ్ గోలు ముందు పాతుకుపోయి నిలబడకుండా వెనక్కి జరుగుతాడు. అతన్ని కాపలా కాసే బ్యాకు వెంట వస్తే వెనక చోటు ఖాళీ, రాకపోతే ఇతను స్వేచ్ఛగా బంతి పంచుతాడు. ఎట్లా చూసినా ఎదుటివాడికి ఇరకాటమే. ఈ ఎత్తును రహీం సాబ్ మన జట్టుకు తెచ్చారు. తరువాత బ్రెజిల్ వాళ్ళు 1958లో ప్రపంచానికి చూపిన నలుగురు, ఇద్దరు, నలుగురు అనే అమరిక వైపు కూడా మన జట్టు ఆయన చేతిలో ముందే నడిచిందని ఆట తెలిసినవాళ్ళు చెబుతారు. టీవీ లేని కాలంలో, ఎక్కడో జరిగిన ఆటను అర్థం చేసుకుని ఉర్దూలో మన కుర్రవాళ్ళ బుర్రకెక్కేట్టు చెప్పడం సామాన్యమా?

దాని ఫలితం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. కెప్టెన్ సమర్ బెనర్జీ. హైదరాబాదు గడ్డ మీద ఆడి పెరిగిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటివారు ఆ జట్టులో ఉన్నారు. మొదటి రౌండులో హంగరీ తప్పుకోవడంతో నేరుగా క్వార్టర్ ఫైనల్స్. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు ఒకే మ్యాచ్‌లో మూడు గోళ్ళు కొట్టడం అదే మొదలు. సెమీఫైనల్స్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు వేసినవాళ్ళ మీద ముందుగా గోలు కొట్టింది మనవాళ్ళే. తరువాత వాళ్ళు పుంజుకుని 4-1తో గెలిచారు. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడిపోయాం. నాలుగో స్థానం. అంత ఎత్తు ఆ తరువాత మనం ఎక్కలేదు.

బలరాం పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. స్థానిక మ్యాచ్‌లో అతని ఆట రహీం సాబ్ కంట్లో పడింది. సెలెక్షన్ ట్రయల్స్‌కు రమ్మంటే, అంత దూరం వచ్చిపోవడానికి డబ్బు లేదన్నాడు. అప్పుడు సైకిలు అద్దెకు రహీం సాబే తన జేబులోంచి ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ సైకిలు ఎంతదూరం వెళ్ళిందో చూడండి. అతను రెండు ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు, 1962 బంగారు జట్టులో ఉన్నాడు, దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డ్‌లలో ఒకడనిపించుకున్నాడు. మనం స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు పరిశీలించేటప్పుడు ఎంతసేపూ మార్కులే చూస్తాం. మార్కుల జాబితాలో బలరాం ఎక్కడ కనిపిస్తాడు?

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ కెప్టెన్. హంగరీతో 2-1తో ఓడారు, ఫ్రాన్సుతో 1-1 సమానంగా ముగించారు, పెరూతో 3-1తో ఓడారు. కఠినమైన గ్రూపు. ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌లు జరిగాయి, కొడుకును ఒక్కదానిలో కూడా దింపలేదు. తండ్రి కోచ్ అయితే కొడుక్కి చోటు ఖాయమనుకునే ఈ కాలంలో ఇది వింతగానే ఉంటుంది. హకీం గారు తరువాత ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టులో కన్నుమూశారు.

ఇక జకార్తా. 1962 ఏషియన్ గేమ్స్. రహీం సాబ్‌కు అప్పటికే ఆరోగ్యం బాగా లేదు, ఊపిరితిత్తుల జబ్బు లోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండు మీద 4-1తో గెలుపు, కాని ఆ మ్యాచ్‌లో డిఫెన్సుకు వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. జపాను మీద 2-0తో గెలిచి సెమీఫైనల్స్ చేరారు.

అప్పుడు రహీం సాబ్ చేసిన పని చూడండి. కుట్లున్న తలతో జర్నైల్ బ్యాకుగా ఆడితే ఎగిరివచ్చే ప్రతి బంతినీ ఆపలేడు. పక్కన కూచోబెడితే జట్టుకు గుండె పోతుంది. ఆయన జర్నైల్‌ను తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. బడిలో కూడా మంచి మాస్టారు ఇట్లాగే చేస్తాడు. ఒక సబ్జెక్టులో దెబ్బతిన్న పిల్లవాడిని ఇంటికి పంపడు, వాడికి చేతనైన ఇంకో పని చూసి అప్పగిస్తాడు. సెమీఫైనల్స్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించారు. అందులో ఒక గోలు జర్నైల్‌ది.

ఫైనల్స్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. బయట పరిస్థితి ఘోరంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వనందుకు మన అధికారి జి.డి. సోంధీ గారు అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియాలో జనం మన దేశం మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అంతా మనకు వ్యతిరేకంగా అరుపులు. ఆ గోలలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టువారు ఉన్నారని ఆటగాళ్ళు తరువాత చెప్పుకునేవారు. అంతకు ముందు రాత్రి రహీం సాబ్ కుర్రవాళ్ళను దగ్గరకు పిలిచి, రేపు నాకు ఆ బంగారం కానుకగా ఇవ్వండని అడిగారట. ఎప్పుడూ గద్దించి చెప్పే మాస్టారు ఒక్కసారి అడుక్కున్నట్టు అడిగితే ఏ శిష్యుడికి నిద్ర పడుతుంది?

జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్‌ను గోల్‌కీపరుగా దింపారు. కెప్టెన్ చునీ గోస్వామి. మన వైపు నుంచి తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్, ముగ్గురు మైదానంలో ఉన్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. మూడు నిమిషాలు తిరక్కుండా జర్నైల్ సింగ్ గోలు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది గాని అప్పటికి సమయం అయిపోయింది. 2-1. ఒక సిక్కు, ఒక బెంగాలీ బ్రాహ్మణుడు గోళ్ళు కొట్టగా, క్రైస్తవుడు గోలు కాయగా, పక్కన దగ్గుతూ నిలబడిన హైదరాబాదు ముస్లిం మాస్టారు గెలిచారు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో బంగారు పతకం రాలేదు.

జకార్తా నుంచి వచ్చిన తరువాత ఆయనకు తొమ్మిది నెలలే మిగిలాయి. 1963 జూన్ 11న కాన్సర్‌తో ఇంతకాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. వయస్సు 53 ఏళ్ళు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు, అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్‌కిచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టారు, అది ఒక తృప్తి. కాని నాకు ఇంకో సందేహం పీడిస్తూ ఉంటుంది. అసోసియేషన్ కార్యదర్శి, పోలీసు కోచ్, దేశానికి కోచ్, ఊళ్ళో కుర్రవాళ్ళ టోర్నమెంట్లు, అన్నీ ఒక్క మనిషి భుజాల మీదే పెట్టుకున్నాం. ఆ మనిషి ఉన్నన్నాళ్ళు బండి నడిచింది. బండి నడుస్తున్నప్పుడు రెండో చోదకుణ్ణి ఎవరమూ వెతకలేదు. ఇది ఫుట్‌బాల్‌కే పరిమితమైన జబ్బు కాదని మన సంస్థల్లో పని చేసినవారికి తెలుసు.

ఆయన నాటిన చెట్లు మాత్రం కొంతకాలం కాశాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్. ఆ జట్టులోనే మన మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. ఆ కోచ్‌లలో ఒకరు పి.కె. బెనర్జీ, జకార్తాలో మొదటి గోలు కొట్టిన శిష్యుడు. ఆ పైన మన ఊరి కుర్రవాళ్ళు మంచి జీతాల కోసం కలకత్తా వెళ్ళారు, ఇక్కడి మైదానాల్లో క్రికెట్ వికెట్లు లేచాయి.

రహీం సాబ్ పోయిన సీజన్‌లోనే ఆంధ్రా పోలీస్ మళ్ళీ బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్‌లో కూడా ఫైనల్స్ దాకా వెళ్ళింది. అక్కడ మోహన్ బగాన్‌తో మొదటి రోజు గోళ్ళు లేకుండా సమానంగా ఆడి, రెండోసారి 2-0తో ఓడిపోయింది.